గెరిల్లాల గిన్నె నుంచి నానో కణాల దాకా: వేడిలో కరెంటు వెతికిన అబ్రాం ఇయోఫే

నందిని (భిలాయ్): భిలాయ్ ఉక్కు కర్మాగారానికి పాతిక కిలోమీటర్ల లోపే ఉంటుంది నందిని. ఇక్కడి గనుల్లో తవ్విన సున్నపురాయి ఫర్నేస్‌లోకి వెళ్లి, ఇనుప ఖనిజంలోని మలినాలను తనలో కలుపుకుని స్లాగ్‌గా బయటికొస్తుంది. బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి కరిగిన ఇనుము కారేటప్పుడు దాని వేడి 1500 డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ ఉంటుంది. ఆ ఇనుము ఉక్కుగా, ఉక్కు దిమ్మెలుగా, దిమ్మెలు రైలు పట్టాలుగా మారేలోపు ఎన్నోసార్లు కాగుతుంది, చల్లారుతుంది. చల్లారిన ప్రతిసారీ కొంత వేడి గాలిలో కలిసిపోతుంది. బొగ్గు మండించి తెచ్చుకున్న వేడే అది. ప్లాంటుకు అది ఖర్చు, ఊరికి అది ఎండాకాలం మీద మరో ఎండ.

ఇలా పోయే వేడిని మధ్యలో ఆవిరి, టర్బైన్, జనరేటర్ ఏవీ లేకుండా నేరుగా కరెంటుగా మార్చుకోవచ్చా? ఈ ప్రశ్న వెనుక జీవితంలో చివరి 30 ఏళ్లు నడిచిన మనిషి అబ్రాం ఫ్యోదరవిచ్ ఇయోఫే. భిలాయ్ ప్లాంటు కోసం భారత్, సోవియట్ యూనియన్ 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం చేసుకునే నాటికి ఆయన లెనిన్‌గ్రాడ్‌లో ఇదే పనిలో ఉన్నారు. భిలాయ్‌తో ఆయనకు నేరుగా సంబంధమేమీ లేదు. అయితే ఈ ఊళ్లో ఫర్నేస్‌లు నిలబెట్టిన సోవియట్ ఇంజినీర్ల తరానికి భౌతికశాస్త్రం నేర్పిన వ్యవస్థను కట్టినవారిలో ఆయన మొదటి వరసలో ఉంటారు. ఇవాళ ప్రపంచమంతటా ప్రయోగశాలల్లో కొల్లాయిడ్ నానో కణాలతో థర్మోఎలక్ట్రిక్ పదార్థాలు తయారుచేస్తున్నవారు తమ సరుకు బాగోగులు కొలిచేది ఆయన స్థిరపరిచిన కొలమానంతోనే.

రోమ్నీ కుర్రాడు, రాంట్‌జెన్ శిష్యుడు

ఇయోఫే 1880 అక్టోబర్ 29న నేటి ఉక్రెయిన్‌లోని రోమ్నీ అనే చిన్న పట్టణంలో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. ఆ ఊరి బడిలో ఆయన సహచరుడు స్తెపాన్ తిమొషెంకో. సివిల్, మెకానికల్ ఇంజినీరింగ్ చదివిన తెలుగువారిలో స్ట్రెంత్ ఆఫ్ మెటీరియల్స్ పాఠ్యపుస్తకం మీద ఆ పేరు చూడనివారు తక్కువ. వారు చదివింది లాటిన్, గ్రీకు భాషలు చెప్పని బడి. ఆ భాషలు రాకపోతే ఆనాటి రష్యాలో విశ్వవిద్యాలయం తలుపులు తెరుచుకోవు. దాంతో ఇయోఫే సెయింట్ పీటర్స్‌బర్గ్ టెక్నలాజికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరి 1902లో ఇంజినీర్‌గా బయటికొచ్చారు.

ఆయన మనసు మాత్రం భౌతికశాస్త్రం మీదే ఉంది. ఎక్స్ కిరణాలు కనిపెట్టి, 1901లో భౌతికశాస్త్రంలో మొట్టమొదటి నోబెల్ అందుకున్న రాంట్‌జెన్ దగ్గర ప్రయోగాలు నేర్చుకోవడానికి మ్యూనిక్ వెళ్లారు. క్వార్ట్జ్ స్ఫటికాన్ని ఒత్తి వదిలితే అది మళ్లీ పాత ఆకారానికి ఎలా వస్తుందన్న సమస్య మీద 1905లో డాక్టరేట్ సంపాదించారు. అక్కడే ఉండిపొమ్మని రాంట్‌జెన్ అడిగినా 1906లో రష్యాకు తిరిగొచ్చారు. మ్యూనిక్‌లో మంచి స్థానం వదులుకుని వచ్చిన ఆయనకు పీటర్స్‌బర్గ్ పాలిటెక్నిక్‌లో దక్కింది సీనియర్ ల్యాబ్ అసిస్టెంట్ ఉద్యోగం. జారు పాలనలో యూదులకు అంతకన్నా పెద్ద కొలువు దొరకడం కష్టం.

అక్కడ ఆయన చేసిన ప్రయోగం ఒకటి చెప్పుకోవాలి. కంటికి ఆనని లోహపు రేణువులను విద్యుత్ క్షేత్రంలో గాలిలో నిలబెట్టి, వాటి మీద అతినీలలోహిత కాంతి పడేలా చేశారు. కాంతి తగిలి ఒక ఎలక్ట్రాన్ ఊడిపోగానే రేణువు బరువుకూ విద్యుత్ బలానికీ మధ్య తూకం చెడుతుంది. దాన్నిబట్టి విద్యుత్ ఆవేశం విడివిడి ముక్కలుగానే వస్తుందనీ, ఆ ముక్క విలువ ఇంత అనీ తేల్చారు. అమెరికాలో మిలికన్ నూనె బిందువులతో ఇదే విలువ కొలుస్తున్న రోజులవి. ఇయోఫే ఫలితాలు 1913లో అచ్చయ్యాయి. నోబెల్ మిలికన్‌ను వరించింది.

ఆకలి రోజుల్లో పుట్టిన సంస్థ

1918 నాటి పెట్రోగ్రాడ్‌లో తిండి లేదు, వంటచెరకు లేదు, అంతర్యుద్ధం మొదలైంది. అదే ఏడాది అక్కడ ఏర్పడిన ఎక్స్‌రే, రేడియం పరిశోధన సంస్థలో భౌతికశాస్త్ర విభాగం ఇయోఫే చేతికి వచ్చింది. అదే తర్వాత లెనిన్‌గ్రాడ్ ఫిజికో-టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ అయింది. అందరూ దాన్ని ముద్దుగా ఫిజ్‌టెక్ అంటారు.

1921లో ఆయన పుస్తకాలు, పరికరాలు కొనడానికి సోవియట్ బృందంతో ఐరోపా వెళ్లారు. ఆ ప్రయాణంలో వెంట తీసుకెళ్లినవారిలో ఒక యువ ఇంజినీర్ ఉన్నాడు. భార్యను, ఇద్దరు పసిబిడ్డలను, తండ్రిని కొద్ది కాలంలోనే పోగొట్టుకుని కుంగిపోయి ఉన్నాడతను. పేరు ప్యోత్ర్ కపిత్సా. కేంబ్రిడ్జ్‌లో రూథర్‌ఫర్డ్ దగ్గర అతనికి చోటు దొరికేలా చూసింది ఇయోఫేనే. కపిత్సాకు 1978లో నోబెల్ వచ్చింది. ఇయోఫే మరో శిష్యుడు నికొలాయ్ సెమ్యోనవ్‌కు 1956లో రసాయనశాస్త్రంలో నోబెల్ లభించింది. సైన్సులో ఒక సోవియట్ పౌరుడికి దక్కిన తొలి నోబెల్ అదే. లెవ్ లాండావ్ 1927లో ఫిజ్‌టెక్‌కు వచ్చేనాటికి ఇరవై ఏళ్లు కూడా నిండలేదు. అణుబాంబు కార్యక్రమం నడిపిన కుర్చాతవ్, ఖరితోన్ కూడా అక్కడి నుంచి వచ్చినవారే.

ఆ సంస్థలో అందరూ అంత చిన్నవాళ్లు కావడంతో దానికి ఇయోఫే నాన్నగారి బాలబడి అనే అర్థం వచ్చే పేరు స్థిరపడింది. ఒక్కచోటనే అంతా పోగేయడం ఆయనకు ఇష్టం లేదు. ఖార్కొవ్, స్వెర్ద్‌లోవ్‌స్క్, తోమ్‌స్క్ వంటి నగరాల్లో ఫిజ్‌టెక్ మనుషులతోనే కొత్త సంస్థలు మొదలయ్యేలా చూశారు. 1932లో వ్యవసాయ భౌతికశాస్త్రానికి ప్రత్యేకంగా ఒక సంస్థను పెట్టారు.

తప్పు తేలిన రోజు

ఇయోఫే జీవితంలో ఎక్కువమంది దాటేసే ఘట్టం ఒకటుంది. 1920ల చివర్లో ఆయన ఒక ఆశాజనకమైన ఫలితం ప్రకటించారు. విద్యుత్ నిరోధక పదార్థాన్ని చాలా పలుచని పొరగా చేస్తే అది తట్టుకునే వోల్టేజీ ఎన్నో రెట్లు పెరుగుతుందన్నది దాని సారం. అది నిజమైతే హైవోల్టేజీ కేబుళ్లు, కెపాసిటర్ల పరిశ్రమ రూపమే మారిపోయేది. దేశం పంచవర్ష ప్రణాళికల వేడిలో ఉంది. ఆశలు కొండంత పెరిగాయి.

ఆ ఫలితాన్ని మళ్లీ కొలిచి, అందులో నిజం లేదని చూపించింది బయటివారెవరో కాదు. ఆయన సంస్థలోనే పనిచేస్తున్న అనతోలీ అలెక్సాంద్రోవ్ అనే యువకుడు. కొలతలో దొర్లిన పొరపాటే పలుచని పొరకు లేని బలాన్ని అంటగట్టిందని తేలింది. లాండావ్ ఈ వ్యవహారాన్ని బాహాటంగా వెక్కిరించారు. ఇద్దరికీ పొసగక 1932లో ఆయన ఖార్కొవ్ వెళ్లిపోయారు. 1936 మార్చిలో సైన్స్ అకాడమీ సమావేశంలో ఫిజ్‌టెక్ మీద విమర్శలు వెల్లువెత్తాయి. కొందరికి అది పరిశ్రమకు పనికిరాని సంస్థ. ఇంకొందరికి లోతైన సిద్ధాంతం లేని సంస్థ. రెండు వైపుల నుంచీ దెబ్బలు ఇయోఫేకే తగిలాయి.

ఆ దేశంలో ఆ ఏళ్లలో విమర్శ అంటే మాటలతో పోయేది కాదు. ఫిజ్‌టెక్‌లో పనిచేసిన సైద్ధాంతిక శాస్త్రవేత్త మత్వే బ్రాన్‌స్టెయిన్‌ను 1937లో అరెస్టు చేసి, మరుసటి ఏడాది కాల్చి చంపారు. అలాంటి వాతావరణంలో తన పేరు మోసిన సిద్ధాంతాన్ని తప్పని తేల్చిన కుర్రాడిని ఇయోఫే సంస్థలోనే ఉంచుకున్నారు. అలెక్సాంద్రోవ్ తర్వాతి కాలంలో సోవియట్ సైన్స్ అకాడమీ అధ్యక్షుడయ్యారు. ఇయోఫే తన దారి మార్చుకున్నారు. 50 ఏళ్ల వయసులో, అప్పటికి మురికి పదార్థాలుగా చాలామంది చిన్నచూపు చూస్తున్న సెమీకండక్టర్ల (అర్ధవాహకాల) వైపు తిరిగారు.

వంటగిన్నె నుంచి వైర్‌లెస్‌కు

రెండు వేర్వేరు పదార్థాలను కలిపి, ఒక కొసను వేడిగా, రెండో కొసను చల్లగా ఉంచితే కరెంటు పుడుతుంది. 1821లో జర్మన్ శాస్త్రవేత్త జీబెక్ చూసింది ఇదే. 1834లో ఫ్రాన్స్‌లో పెల్తియే దీనికి తిరగేసిన ప్రభావం గమనించారు: కరెంటు పంపితే ఒక అతుకు చల్లబడుతుంది, మరొకటి వేడెక్కుతుంది. కానీ లోహాల జతలతో వచ్చే వోల్టేజీ డిగ్రీకి కొన్ని మైక్రోవోల్టులే. వందేళ్ల పాటు ఇది ఉష్ణోగ్రత కొలిచే థర్మోకపుల్‌గా మిగిలింది. ఇప్పటికీ ఉక్కు ఫర్నేస్‌ల వేడి కొలవడానికి థర్మోకపుల్ వాడతారు.

లోహాల బదులు సెమీకండక్టర్లు వాడితే ఈ లెక్క మారుతుందని ఇయోఫే 1930 ప్రాంతంలోనే గ్రహించారు. రెండున్నర నుంచి నాలుగు శాతం దాకా వేడిని కరెంటుగా మార్చవచ్చని అంచనా వేశారు. ఆ ఆలోచన పనిలోకి రావడానికి యుద్ధం కావాల్సి వచ్చింది.

1941లో జర్మన్ సేనలు సోవియట్ భూభాగంలోకి చొరబడ్డాయి. అడవుల్లో ఉండి పోరాడే గెరిల్లా దళాలకు వైర్‌లెస్ సెట్లున్నాయి, బ్యాటరీలు అయిపోతే తెచ్చే దారి లేదు. ఇయోఫే బృందం వారికోసం ఒక గిన్నె తయారుచేసింది. దాని అడుగున ఆంటిమొనీ-జింక్ మిశ్రమం, కాన్‌స్టంటన్ అనే రాగి-నికెల్ మిశ్రమలోహం జతలుగా అమర్చారు. గిన్నెలో నీళ్లు పోసి నెగడు మీద వేలాడదీస్తే అడుగు మంటకు కాగుతుంది. పైన నీళ్లు మరుగుతున్నంతసేపూ రెండో వైపు 100 డిగ్రీలు దాటదు. ఆ రెండు వైపుల మధ్య 250 నుంచి 300 డిగ్రీల తేడా చాలు, వైర్‌లెస్ సెట్ పలుకుతుంది. గిన్నెలో నీళ్లు అన్నానికో టీకో ఎలాగూ పనికొస్తాయి. దానికి పార్టిజాన్ గిన్నె అనే పేరు నిలిచిపోయింది.

యుద్ధం ముగిశాక అదే సూత్రం పల్లెలకు వెళ్లింది. కిరోసిన్ దీపం చిమ్నీ చుట్టూ థర్మోఎలక్ట్రిక్ ముక్కలు పేర్చి, రెక్కల్లాంటి లోహపు పలకలతో చల్లార్చే జనరేటర్లు 1950ల్లో సోవియట్ దుకాణాల్లోకి వచ్చాయి. కరెంటు తీగ చేరని ఇంట్లో ఆ దీపం వెలుగిచ్చేది, రేడియో కూడా పాడించేది. అదే కాలంలో కిరోసిన్ బుడ్డి వెలుగులో చదువుకున్న మన పల్లెల తరానికి ఆ సౌకర్యం విలువ వేరే చెప్పనక్కర్లేదు.

పదవి పోయింది, పని మిగిలింది

యుద్ధకాలంలో అణు కార్యక్రమానికి నాయకుడిని వెతుకుతున్నప్పుడు సహజంగానే ముందుగా వినిపించిన పేరు ఇయోఫేది. ఆయన తన వయసును కారణంగా చూపి, శిష్యుడు కుర్చాతవ్ పేరు సూచించారు. 1943లో 40 ఏళ్ల కుర్చాతవ్ ఆ బాధ్యత తీసుకున్నారు. ఆ నిర్ణయం వల్ల ఇయోఫే చేతికి అధికారం రాలేదు. సెమీకండక్టర్ల పనికి సమయం దక్కింది.

ఏడేళ్ల తర్వాత ఆయన దగ్గరున్నది కూడా పోయింది. స్టాలిన్ చివరి ఏళ్లలో దేశభక్తి లేని విశ్వమానవులనే ముద్ర వేసి, ముఖ్యంగా యూదు మేధావులను పదవుల నుంచి తొలగించే ప్రచారం సాగింది. 1950 డిసెంబర్‌లో, 70 ఏళ్లు నిండిన కొద్ది వారాలకే, తాను పుట్టించి 32 ఏళ్లు పెంచిన సంస్థకు ఇయోఫే డైరెక్టర్ కాకుండా పోయారు.

ఆయన ఇంట్లో కూర్చోలేదు. 1952లో సెమీకండక్టర్ల కోసం చిన్న ప్రయోగశాల దక్కించుకున్నారు. స్టాలిన్ మరణం తర్వాత, 1954లో అది ఏకంగా సెమీకండక్టర్ల సంస్థగా మారింది. 1955లో సోషలిస్టు శ్రమ వీరుడి బిరుదు వచ్చింది. ఆ పదేళ్లలో ఆయన రాసిన పుస్తకం 1957లో లండన్ నుంచి ఇంగ్లిష్‌లో వెలువడి, ఈ రంగంలో అడుగుపెట్టే ప్రతివారికీ తొలి పాఠమైంది. 80వ పుట్టినరోజుకు పక్షం రోజుల ముందు, 1960 అక్టోబర్ 14న ఆయన కన్నుమూశారు. తీసేసిన సంస్థకే అదే ఏడాది ఆయన పేరు పెట్టారు. మరుసటి ఏడాది లెనిన్ బహుమతి ప్రకటించారు.

ఒక అంకె, మూడు గుణాలు

ఇయోఫే వదిలి వెళ్లిన వాటిలో నేటికీ రోజూ వాడుకలో ఉన్నది జెడ్‌టీ అనే అంకె. మంచి థర్మోఎలక్ట్రిక్ పదార్థానికి మూడు గుణాలుండాలి. ఒక్కో డిగ్రీ తేడాకు ఎక్కువ వోల్టేజీ రావాలి. కరెంటు తేలిగ్గా ప్రవహించాలి. వేడి మాత్రం ఒక వైపు నుంచి మరో వైపుకు త్వరగా పోకూడదు, పోతే తేడాయే మిగలదు. వోల్టేజీ గుణాన్ని దానితోనే హెచ్చించి, విద్యుత్ వాహకతతోనూ ఉష్ణోగ్రతతోనూ గుణించి, ఉష్ణ వాహకతతో భాగిస్తే వచ్చేది జెడ్‌టీ.

చిక్కేమిటంటే ఈ గుణాలు ఒకదాన్నొకటి వదలవు. రాగిలో కరెంటు బాగా పారుతుంది, వేడి కూడా అంతే బాగా పారుతుంది. గాజు వేడిని ఆపుతుంది, కరెంటునూ ఆపుతుంది. కరెంటుకు లోహంలా, వేడికి గాజులా ఉండే పదార్థం కావాలి. ఇయోఫే దీనికి ఒక దారి చూపారు. ఆయన భార్య, సహశాస్త్రవేత్త అన్నా వసీల్యెవ్నా కూడా ఈ పనిలో పాలుపంచుకున్నారు. ఘనపదార్థంలో వేడిని ఎక్కువగా మోసేవి అణువుల కంపనాలు. వాటికి ఫోనాన్లు అనే పేరు పెట్టింది కూడా ఫిజ్‌టెక్ శాస్త్రవేత్త యాకవ్ ఫ్రెంకెలే. స్ఫటికంలో కొన్ని అణువుల స్థానంలో బరువు వేరైన అణువులను కలిపితే ఈ కంపనాలు తడబడి చెల్లాచెదురవుతాయి. ఎలక్ట్రాన్లు మాత్రం అంతగా ఇబ్బంది పడకుండా సాగిపోతాయి.

ఈ కిటుకుతో, 1954లో బ్రిటన్‌లో గోల్డ్‌స్మిడ్ వెలుగులోకి తెచ్చిన బిస్మత్ టెల్యురైడ్ వంటి పదార్థాలతో జెడ్‌టీ 1 దాకా చేరింది. అక్కడే దశాబ్దాల పాటు ఆగిపోయింది. ఇంటింటికీ కంప్రెసర్ లేని ఫ్రిజ్ వస్తుందన్న ఇయోఫే ఆశ నెరవేరలేదు. ఆయన సూత్రం ఇతర చోట్ల బతికింది: ఫైబర్ కేబుల్ వ్యవస్థల్లో లేజర్లను చల్లగా ఉంచే చిన్న బిళ్లల్లో, 1977లో బయల్దేరిన వాయేజర్ నౌకలకు ప్లుటోనియం వేడి నుంచి కరెంటు ఇస్తున్న సిలికాన్-జర్మేనియం జతల్లో.

పాలలో వెన్నలా తేలే కణాలు

1993లో అమెరికాలో హిక్స్, మిల్డ్రెడ్ డ్రెసెల్‌హాస్ పదార్థాన్ని నానోమీటర్ల స్థాయికి కుదిస్తే ఈ చిక్కుముడి వదులవుతుందని లెక్కగట్టి చూపారు. ఆ తర్వాత ఈ రంగం మళ్లీ ఊపందుకుంది. దానిలో ఒక పాయే కొల్లాయిడ్ నానో కణాల దారి.

పాలు కొల్లాయిడ్‌కు మనకు తెలిసిన ఉదాహరణ. కొవ్వు బిందువులు నీటిలో అడుగుకు దిగకుండా తేలుతుంటాయి. అలాగే లెడ్ టెల్యురైడ్, బిస్మత్ టెల్యురైడ్ వంటి సెమీకండక్టర్లను ద్రావణంలో కొన్ని నానోమీటర్ల కణాలుగా పండించవచ్చు. ద్రావకాన్ని కాచి, రసాయనాలను ఒక్కసారిగా కలిపితే కణాలన్నీ దాదాపు ఒకే సమయంలో, ఒకే సైజులో మొలుస్తాయి. అవి ఒకదానికొకటి అంటుకోకుండా ఒలీయిక్ ఆమ్లం వంటి పొడవాటి అణువులు వాటిని తొడుగులా కప్పుతాయి. మన వేరుశనగ నూనెలో దండిగా ఉండేది ఆ ఆమ్లమే. తర్వాత ఆ కణాలను కడిగి, ఆరబెట్టి, వేడిలో బలంగా ఒత్తితే గట్టి బిళ్ల వస్తుంది. ఆ బిళ్లలో ఎటు చూసినా కణాల హద్దులే. వేడి కంపనాలు అడుగడుగునా హద్దుకు తగిలి చెదిరిపోతాయి. ఇయోఫే అణువు స్థాయిలో పెట్టిన అడ్డంకిని వీరు కణం స్థాయిలో పెడుతున్నారు.

ఇందులో మోసపోయే చోట్లూ ఉన్నాయి. కణాన్ని కాపాడిన నూనె తొడుగే కరెంటుకు అడ్డుగోడ. దాన్ని పూర్తిగా తీసేయాలి, లేదా 2009లో షికాగోలో తలాపిన్ బృందం చూపినట్టు లోహ సమ్మేళనాల చిన్న తొడుగుతో మార్చాలి. ఒత్తేటప్పుడు వేడి ఎక్కువైతే కణాలు కరిగి కలిసిపోయి పెద్దవవుతాయి, నానో లాభం పోతుంది. తక్కువైతే బిళ్లలో రంధ్రాలు మిగులుతాయి. గ్రాముల్లో కుదిరిన వంట కిలోల్లో కుదరాలి. టెల్యూరియం అరుదు, సీసం విషం. వీటికి బదులు వెతుకులాట ఇంకా సాగుతోంది. మన దేశంలో బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ ఫర్ అడ్వాన్స్‌డ్ సైంటిఫిక్ రీసెర్చ్ థర్మోఎలక్ట్రిక్ పదార్థాల్లో ప్రపంచం గమనించే పని చేస్తోంది.

ఉక్కు ఊరి లెక్క

ఇప్పుడు మళ్లీ ఫర్నేస్ దగ్గరికి వద్దాం. వేడి వైపు 500 డిగ్రీలు, చల్లని వైపు 50 డిగ్రీలు అనుకుంటే, ఏ యంత్రమైనా ప్రకృతి నియమాల ప్రకారం 58 శాతానికి మించి మార్చలేదు. జెడ్‌టీ 1 ఉన్న పదార్థం కాగితం మీద సుమారు 13 శాతం, జెడ్‌టీ 2 అయితే దాదాపు 20 శాతం ఇవ్వగలదు. అతుకుల్లో, పలకల్లో నష్టాలు పోగా చేతికొచ్చేది ఇంకా తక్కువ. పెద్ద ఎత్తున ఒకేచోట దొరికే వేడికి ఆవిరి టర్బైనే మేలు. టర్బైన్ పెట్టలేని చోట, ఎర్రగా కాలుతున్న దిమ్మెలు పట్టాల మీదుగా సాగిపోయే చోట, ఈ బిళ్లలకు పని దొరకవచ్చు. జపాన్‌లో జేఎఫ్ఈ స్టీల్ తన కంటిన్యువస్ కాస్టింగ్ లైన్ దగ్గర 10 కిలోవాట్ల స్థాయి వ్యవస్థను పెట్టి చూసింది కూడా. ఉక్కు కర్మాగారం అవసరాల ముందు అది చాలా చిన్న అంకె. కదిలే భాగాలు లేకుండా, ఉక్కు వదిలే వేడి నుంచే వచ్చిందన్నదే దాని విలువ.

భిలాయ్‌కైనా, అదే సోవియట్ సహకారంతో మొదలైన విశాఖ ఉక్కుకైనా ఇది రేపే ఆదా తెచ్చే యంత్రమని చెబితే అది అబద్ధమవుతుంది. కొలవకుండా ఆశపడితే ఏమవుతుందో ఇయోఫేకు పలుచని పొరల వ్యవహారం నేర్పింది. ఆ తర్వాతే ఆయన ఒక పదార్థాన్ని మెచ్చుకోవాలన్నా, పక్కన పెట్టాలన్నా పనికొచ్చే అంకెను ఈ రంగానికి ఇచ్చారు. నానో కణాల బిళ్ల ఏ ప్రయోగశాల నుంచి వచ్చినా ముందుగా అడిగేది ఆ అంకె ఎంత అనే. నందిని రాయి ఫర్నేస్‌లో పడుతున్నంతకాలం భిలాయ్‌లో వేడికి కొదవుండదు. దాన్ని పట్టుకునే పదార్థం ఆ పరీక్షలో ఎప్పుడు నెగ్గుతుందన్నదే తేలాల్సి ఉంది.